దెయ్యాల ప్రేమకథకీ లాజిక్ కావాలండీ!

"హీరో రక్తం తాగే పిశాచమని ఒప్పుకున్నాక ఇంకా లాజిక్ ఏంటండీ?" పారానార్మల్ రొమాన్సుల మాటొస్తే చాలు, ఈ డైలాగు ఎవరో ఒకరు వదుల్తారు. వెక్కిరించేవాళ్ళూ ఇదే అంటారు, పడీ పడీ చదివేవాళ్ళూ ఇదే అంటారు. ఇద్దరిదీ తప్పే అని నా వాదన. మామూలు ప్రేమకథలో లాజిక్ కాస్త అటూ ఇటూ అయినా నెట్టుకొచ్చేయొచ్చు. కులం, డబ్బు, నాన్నగారి కోపం ఎలా పనిచేస్తాయో మనకి ముందే తెలుసు కదా. ఇక్కడ అలా కాదు. ప్రేమికుల మధ్య గోడని మొదటి ఇటుక నుంచీ రచయితే కట్టాలి. అది ఎంత ఎత్తో, ఎక్కడ దూకితే కాలు విరుగుతుందో మనకి తెలిస్తేనే వాళ్ళు ఎక్కుతుంటే మనకి గుండె దడ.

ముందు వెక్కిరించేవాళ్ళ సంగతి చూద్దాం. స్టెఫనీ మేయర్ 'ట్వైలైట్' (2005) మీద అందరూ వేసే జోకు ఒకటే: "వాంపైర్ ఎండలో బూడిదవ్వాలి గానీ, వజ్రంలా మెరవడమేంటి?" ఎందుకు మెరవకూడదు? ఆవిడ కథ, ఆవిడ రూలు. ఎండ చంపదు, కానీ గుట్టు రట్టు చేస్తుంది. అందుకే ఎడ్వర్డ్ కుటుంబం ఎప్పుడూ మబ్బూ వానా ఉండే ఫోర్క్స్ అనే చిన్న ఊళ్ళో కాపురం పెట్టింది. ఎండ కాసిన రోజు వాళ్ళు బడికి రారు. ఒక్క రూలుతో ఊరూ, వాతావరణమూ, హీరో గైర్హాజరూ అన్నీ అతికాయి. పైగా బెల్లా రక్తపు వాసన అతనికి మిగతా అందరి రక్తంకన్నా ఎక్కువ పిచ్చెక్కిస్తుంది. దగ్గరికి జరిగిన ప్రతిసారీ ముద్దు పెడతాడా, మెడ కొరుకుతాడా అన్నది అతనికే తెలీదు. మొదటి పుస్తకం అంతమందిని నిద్రపోనివ్వకపోవడానికి కారణం ఇదే గానీ, హీరోగారి పలువరస కాదు. (ఆ మాటకొస్తే ముభావంగా, పొగరుగా, డబ్బుతో తిరిగే అందగాడు మనకేం కొత్త? యద్దనపూడి 'సెక్రటరీ'లో రాజశేఖరానికి కోరలొక్కటే తక్కువ :))

ఇప్పుడు అభిమానులతో నా తగాదా. నాలుగో పుస్తకం 'బ్రేకింగ్ డాన్' (2008) ఇంకా చదవనివాళ్ళు ఈ పేరా దాటెయ్యండి. మూడు పుస్తకాల పాటు మనకేం చెప్పారు? వాంపైర్‌గా మారితే మొదటి ఏడాది రక్తదాహం ఆపుకోవడం దాదాపు అసాధ్యం అన్నారు. అమ్మానాన్నల్ని వదులుకోవాలి అన్నారు. ప్రాణంలా చూసుకున్న జేకబ్ మనసు విరుగుతుంది అన్నారు. తీరా బెల్లా మారాక ఏమైంది? దాహాన్ని మొదటిరోజే ఇట్టే అదుపు చేసేసింది. నాన్న ఇంటికి వచ్చిపోతూనే ఉన్నాడు. జేకబ్‌కి విధి రాసిపెట్టిన జోడీ ఆమె కూతురేనట! అప్పుడే పుట్టిన పసికందు! చివర్లో వోల్టూరీలు దండెత్తి వచ్చి, మాట్లాడుకుని, వెనక్కి వెళ్ళిపోయారు. 2012లో సినిమా తీసినవాళ్ళకే ఇది మింగుడుపడక, కల లాంటి దర్శనం పేరుతో ఒక యుద్ధం పెట్టుకున్నారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, టెస్టు ఫెయిలవుతోందని కోడు సరిచెయ్యకుండా టెస్టునే తీసేసినట్టు. రిపోర్టు పచ్చగానే ఉంటుంది, ఏం లాభం?

"ప్రేమకథ సుఖాంతం కావద్దా?" అంటారు. అవ్వాలి మహాప్రభో! సుఖాంతం వద్దని నేనెక్కడన్నాను? బిల్లు కట్టి తీసుకోమంటున్నాను. ఇదేదో తెల్లవాళ్ళ పిచ్చి అనేవాళ్ళకి మన పెద్దనని గుర్తుచేస్తా. మనుచరిత్రలో ప్రవరుడి కాలి పసరు మంచుకి కరిగిపోతుంది, హిమాలయాల్లో చిక్కుకుపోతాడు. వరూధిని అడిగినా కాదని వెళ్ళిపోతాడు. తర్వాత అతని రూపంలో వచ్చిన గంధర్వుడు పెట్టే షరతు చూడండి: కలిసే వేళ ఆమె కళ్ళు మూసుకోవాలి. కళ్ళు తెరిస్తే గుట్టు బయటపడుతుందని అతని భయం. ఆ ఒక్క షరతులో ఆ ప్రేమలోని మోసమంతా ఉంది. 16వ శతాబ్దంలో!

షార్లెయిన్ హారిస్ నాకు నచ్చేది ఇందుకే. 'డెడ్ అంటిల్ డార్క్' (2001)లో సూకీ ఒక బారులో వెయిట్రెస్, లూసియానాలో. ఎదుటివాళ్ళ మనసులో మాటలు ఆమెకి వద్దన్నా వినిపిస్తాయి. అబ్బాయితో షికారుకెళ్తే అతను తన గురించి ఏమనుకుంటున్నాడో అక్షరం పొల్లుపోకుండా వినాలి. ఎంత నరకమో ఊహించుకోండి. బిల్ అనే వాంపైర్ పక్కన కూర్చుంటే మాత్రం నిశ్శబ్దం. ఆమె ప్రేమలో పడింది ముందు ఆ నిశ్శబ్దంతోనే. ఆ కారణం మనిషి హీరోతో కుదరదు. తీసేస్తే కథే లేదు. పిలవందే వాంపైర్ ఇంట్లోకి రాకూడదన్న పాత నమ్మకాన్ని కూడా ఎంత బాగా వాడిందో! 'క్లబ్ డెడ్' (2003) చివర్లో విసిగిపోయిన సూకీ పిలుపు వెనక్కి తీసుకుంటుంది, అంతే. ఎంత వయసూ బలమూ ఉన్న వాంపైరైనా ఆ ఇంటి గడప దాటి బయటికి నడవాల్సిందే. ఎన్ని పేజీల ఉపన్యాసం రాస్తే వస్తుంది ఆ తృప్తి!

ఈ సిరీస్ ఆఖరి పుస్తకం 'డెడ్ ఎవర్ ఆఫ్టర్' (2013) వచ్చినప్పుడు అభిమానులు భగ్గుమన్నారు. వాంపైర్ ఎరిక్‌ని కాదని సూకీని బారు యజమాని శామ్ వైపు నడిపించిందని. కానీ మొదటి పుస్తకం నుంచీ ఆ పిల్లకి ఎండలో పడుకోవడం అంటే ప్రాణం. ఎరిక్ పగలు బయటికి రాలేడు, పిల్లల్ని కనలేడు, ముసలివాడు కాలేడు. ఈ మూడూ హారిస్ ముందునుంచీ చెబుతూనే ఉంది. నేనూ ఎరిక్ పార్టీయే. అయినా ఆవిడ గోడ కూల్చకుండా, పక్కనున్న మనిషిని చూపించింది. నాకైతే ఆ కోపంతో మూసిన పుస్తకమే, సంతోషంగా మూసిన 'బ్రేకింగ్ డాన్' కన్నా ఎక్కువ గుర్తుంది.