బాణం ఎవరి చేతిలో?

గల్ఫుకు కొడుకుల్ని పంపిన ఇళ్ళు మా మల్యాలలో తక్కువేం కాదు. మాదీ అందులో ఒకటి. కరెంటు బిల్లు కడదామని కంప్యూటరు ముందు కూర్చుంటానో లేదో, దుబాయి నుంచి మావాడి ఫోను: "అమ్మా, తెరమీది తొమ్మిది అంకెలు చెప్పు. 'సరే' అని నొక్కి చెయ్యి తియ్యి, నేను జేస్త." అంతే! మౌసు ముట్టకుండానే బాణం దయ్యం పట్టినట్టు పరుగెడుతుంది. బిల్లు కట్టడమైపోతుంది. నేను నేర్చుకున్నది మాత్రం సున్న.

1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో సభలో ఎంగెల్‌బార్ట్ మౌసును చూపించిన రోజే, దూరాన మెన్లోపార్కులో ఉన్న సహచరుడి బాణం కూడా అదే తెరమీద కదిలింది. అక్కడ ఇద్దరి చేతులూ పనిచేశాయి. మన ఇళ్ళలో అమ్మ చేతికే సెలవు!

చెయ్యి తీయడం అలవాటైన అమ్మ, రేపు "బ్యాంకు నుంచి" అంటూ తియ్యగా మాట్లాడినవాడికీ ఆ అంకెలు అప్పజెప్పదూ? ఈ మోసం గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చెయ్యాలని ఎంతమంది కొడుకులు తల్లులకు చెప్పారు?

అందుకే మొన్న తెగేసి చెప్పాను: "బిడ్డా, నువ్వు చూసుకుంట నోటితో జెప్పు. బాణం నేను దిప్పుత." గంట పట్టింది. వాడు విసుక్కున్నాడు. అయినా బిల్లు నేనే కట్టాను.

నీకు అన్నం కలుపుకోవడం నేర్పేటప్పుడు నేను ముద్ద లాక్కున్నానా, నాయనా?