ముందు పొయ్యెక్కేది ఏది?

మొదటిసారి పూర్తి భోజనం వండేవాళ్లు తడబడేది వరస దగ్గర. పప్పు, వేపుడు, చారు విడివిడిగా ఎవరైనా యూట్యూబ్ చూసి చేసేస్తారు. అన్నంతో సహా అన్నీ ఒకే వేళకు, వేడివేడిగా కంచంలోకి రావాలంటేనే తల ప్రాణం తోకకొస్తుంది. అసలు ఆ భోజనం ముందు రాత్రే మొదలవుతుంది, గోరువెచ్చని పాలలో తోడు వేసినప్పుడు. పొద్దున కందిపప్పు, చింతపండు వేరువేరు గిన్నెల్లో నానేసి దొండకాయలు తరగాలి. సన్నసెగ మీద అవి వేగడానికి అరగంట ఎటూ పడుతుంది కాబట్టి ముందు పొయ్యెక్కాల్సింది వేపుడే. పప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోశారో, ఇక ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. పులుపు పప్పును ఉడకనివ్వదు. పోపులో ఆవాలు చిటపటలాడాకే జీలకర్ర, ఇంగువ. చిట్లని ఆవగింజ పంటికింద చేదే. ఇవన్నీ పక్కన నిలబడి చూస్తేనే పట్టుబడతాయి. అమ్మాయిలకు ఎలాగోలా నేర్పేస్తాం (అదీ పెళ్లి పేరు చెప్పి!). అబ్బాయికి మాత్రం కుక్కరూ, ఆవకాయ సీసా చేతికిచ్చి డాలస్ విమానం ఎక్కిస్తాం. వీసా ఇంటర్వ్యూకి పెట్టే శ్రద్ధలో పిసరంత వంటింటికీ పెట్టండి. వెళ్లేలోపు ఒక్క ఆదివారమైనా ఇంటిల్లిపాదికీ వాడి చేత వండించండి.