విడిచిన చీరా, విడవని పరువూ

"ఎవరో కట్టి విడిచిన చీర మా పిల్లకు పెడతావా అక్కా?" అంది మా తోడికోడలు. ఇంట్లోకి వచ్చి అడిగినా బాగుండేది. వీధి గుమ్మంలో నిలబడి, అటు నాలుగిళ్ళకూ ఇటు నాలుగిళ్ళకూ వినబడేట్టు అంది. చీర నా చేతికి కూడా ఇవ్వలేదు. అరుగుమీద పెట్టి వెళ్ళిపోయింది.

సంగతేమిటంటే, వాళ్ళమ్మాయికి గూడూరులో ఓ స్కూల్లో టీచరుద్యోగం వచ్చింది. మొదటిరోజు కట్టుకు వెళ్ళమని నేనో వెంకటగిరి చీర ఇచ్చాను. నూరో నంబరు నూలు, గాలికి ఎగిరిపోయేంత తేలిక, సన్నటి జరీ అంచు, పమిట నిండా చిన్నచిన్న బుటాలు. పిల్ల మురిసిపోయి, "ఫాల్ రంగొక్కటే కలవలేదు పెద్దమ్మా" అంది. వాళ్ళమ్మ బుగ్గలు నొక్కుకుని, "నాలుగువేలన్నా అయ్యుంటుంది, ఎందుకక్కా అంత ఖర్చు?" అంది. అప్పుడు నోరు మూసుకుని ఊరుకుంటే పోయేది. తెలివితేటలు చూపించుకోవద్దూ? "నాలుగువేలా నా మొహమా, ఎనిమిది వందలు. మద్రాసులో పాత చీరలమ్మే కొట్లో కొన్నాను" అన్నాను. (1996లో ఆ ఊరిపేరు చెన్నై అయింది గానీ, మా నెల్లూరు తీరంవాళ్ళకు అది మద్రాసే.) అంతే! తెల్లారేసరికి చీర అరుగెక్కింది.

ఒక్క మాటతో నాలుగువేల చీర ఎందుకూ కొరగానిదైపోయింది. నూలు మారిందా? నేత మారిందా? అంచు రాలిపోయిందా? ఏదీ లేదు. ఈ నెల్లాళ్ళుగా చిట్టమూరులో మా వీధి ఆడవాళ్ళు రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటున్నది దీన్ని గురించే. ఇంకా తేలలేదు. అంచేత మీ ముందు పెడుతున్నాను.

ముందుగా మా తోడికోడలి గురించే ఒకమాట. కిందటి సంక్రాంతికి ముందు, స్టీలు సామాన్ల గంప నెత్తిన పెట్టుకుని ఒకావిడ మా వీధికి వచ్చింది. మా అత్తగారి పట్టుచీర ఒకటి ఈవిడ వాటాకు వచ్చిందిలెండి, దాన్ని తెచ్చి ముందు పడేసింది. గంపావిడ చీర విప్పి వెలుతురుకు పట్టుకుంది, మడతల దగ్గర లాగి చూసింది, అంచు జరీని గోటితో గీకి చూసింది. "ఏందమ్మా, ఈడ చిరుగుండాది చూడు. దీనికి ఈ గిన్నె ఇస్తే నాకే నష్టం" అంది. ఓ అరగంట బేరమాడి, మూతలేని గిన్నె ఒకటీ, చేటంత బేసిన్ ఒకటీ పుచ్చుకుని మా తోడికోడలు గెలిచినట్టు లోపలికెళ్ళింది. ఆ గంపావిడ జరీని ఎందుకు గీకిందో అడిగితేనా? పాతకాలపు అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండితీగ చుట్టి, దానికి బంగారు పూత పూసినది. గీకితే లోపల ఎర్రటి దారం కనపడుతుంది. అలాంటి చీరలు పోగుచేసి, జరీ కరిగించి, వెండి తీసి అమ్ముకునేవాళ్ళు ఊళ్ళ నిండా ఉన్నారు. వెండి ఇచ్చి ఇనుము తెచ్చుకోవడం పరువు, ఎనిమిది వందలిచ్చి వెంకటగిరి తెచ్చుకోవడం తలవంపులూనా? ఈ లెక్క ఏ బళ్ళో నేర్పుతారో నాకు తెలీదు.

పోనీ, ఇతరులు తొడిగిన బట్ట తొడగడమే తప్పనుకుందాం. మరి ఇప్పుడు పెళ్ళిళ్ళలో చూస్తున్నామే, రిసెప్షన్‌కి అద్దె లంగా ఓణీలు, అద్దె లెహంగాలు, పెళ్ళికొడుక్కి అద్దె షేర్వాణీ! ఒక్క రాత్రికి వేలు పోసి, ఎంతమంది పెళ్ళికూతుళ్ళు చెమటలు పట్టి విప్పారో తెలియని దాన్ని తొడుక్కుని ఫోటోలు దిగుతున్నాం. పొద్దున్నే తిరిగి ఇచ్చేస్తాం కూడాను. అది ఫ్యాషనట. అందులో పదోవంతు ఇచ్చి కొనుక్కుని బీరువాలో పెట్టుకుంటే మాత్రం దరిద్రమట.

అసలు మనం పుట్టగానే ఒంటిమీద పడిందేమిటి? పాతబట్టే. కొత్తగుడ్డ గరుకు, పిల్ల ఒళ్ళు కందుతుందని అమ్మమ్మ పాత నూలుచీర చింపి చుట్టింది. ఉయ్యాల వేసిందీ పాతచీరతోనే. మనం పడుకున్న బొంతలో ఎన్ని చీరల చరిత్ర ఉందో లెక్కేలేదు. ఇంకా పెద్దమాట చెప్పమంటారా? కృష్ణదేవరాయలంతటి వాడు కావ్యం రాసి పెట్టిన పేరు ఆముక్తమాల్యద. ధరించి విడిచిన దండను ఇచ్చినది అని కదా అర్థం! గోదాదేవి తాను ముడుచుకుని చూసుకున్న దండనే స్వామి కోరి పుచ్చుకున్నాడు. ఆయనకు లేని పట్టింపు మనకెందుకో!

మా ఎదురింటావిడ ఒక అనుమానం మెల్లిగా, చెవిలో చెప్పినట్టు చెప్పింది. "చనిపోయినవాళ్ళదైతేనో?" అని. దీన్ని నేను నవ్వి కొట్టిపారేయను. అమ్మ పోయాక ఆవిడ చీరలు అక్కచెల్లెళ్ళం పంచుకున్నాం. నా వాటా చీర కట్టుకున్నరోజు నాకు భయం వేయలేదు, ఏడుపొచ్చింది. తెలియని అమ్మది అయితే మనసుకు మరోలా ఉంటుందేమో, కాదనను. ఒప్పనివాళ్ళు కొనొద్దు. కానీ బీరువాలు నిండిపోయి, ఒళ్ళు వచ్చి, రంగు నచ్చక, పెళ్ళికి ఒక్కసారి కట్టి మళ్ళీ ముట్టని చీరలే ఆ కొట్లకు ఎక్కువ చేరతాయని నాకు తోచింది. నేను కొన్నదానికి పమిట దగ్గర పిన్నీసు గుచ్చిన రంధ్రం కూడా లేదు.

శుభ్రం సంగతి అంటారా, అది న్యాయమైన ప్రశ్న. నూలుదైతే వేణ్ణీళ్ళలో సబ్బేసి నానబెట్టి, ఉతికి, మంచి ఎండలో రెండురోజులు ఆరేయండి. పట్టుదైతే ఉడకబెట్టకూడదు, డ్రైక్లీనింగుకివ్వండి, ఆ ఖర్చు కూడా చీర ఖరీదులో కలిపి లెక్కేసుకోండి. లోదుస్తులూ, దిండ్లూ, పరుపులూ పాతవి ససేమిరా వద్దు. వాడిన జాకెట్లు కూడా నేను కొనను. చంకల దగ్గర మరక ఏ సబ్బుకూ పోదు.

కొనడానికి వెళ్ళినప్పుడు మాత్రం గంపావిడ కళ్ళు అరువు తెచ్చుకుని వెళ్ళండి. ఆవిడకంటే మంచి గురువు లేదు. చీరను పూర్తిగా విప్పించండి. విప్పనివ్వని కొట్లోంచి లేచి వచ్చెయ్యండి. వెలుతురుకు పట్టుకుంటే పలచబడిన చోట్లు చుక్కల్లా కనబడతాయి. పట్టుచీర ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉంటే ఆ గీత వెంబడి చిట్లుతుంది. అక్కడ రెండు వేళ్ళతో మెల్లిగా లాగి చూడండి. టప్‌మందో, ఎంత చౌకైనా వద్దు. మడమ తగిలే కింద అంచు, బొడ్లో దోపే భాగం, కుచ్చిళ్ళు - చీర ముందుగా అరిగేది అక్కడే. కొత్త ఫాల్ కుట్టి ఉంటే లోపల ఏం దాచారో అని ఓ మూల విప్పి చూడాల్సిందే. మగ్గం చీరకు అంచువెంట సన్నటి సూది గుర్తులు ఉంటాయి. ధర విషయంలో నాకో కట్టుబాటు ఉంది, కొత్తదాని ఖరీదులో మూడోవంతు దాటితే చేయి కూడా వేయను. పాతదని చెప్పి కొత్తదాని ధర అడిగే గడుసువాళ్ళూ ఉన్నారు సుమండీ. అన్నిటికంటే ముఖ్యం, చవకగా ఉందని కొనకండి. కట్టుకోని చీర ఎనిమిది వందలకు దొరికినా ఎనిమిది వందలు దండగే.

కానుకల సంగతికి వద్దాం. పండక్కీ పేరంటానికీ కొట్లలో 'పెట్టుబడి చీరలు' అని గుట్టలు పోసి అమ్ముతారు. కట్టుకోవడానికి కాదు, పెట్టడానికి. మీరు నాకు పెడతారు, నేను మా ఆడపడుచుకు పెడతాను, ఆవిడ వియ్యపురాలికి పెడుతుంది. జాకెట్టు ముక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. నేను గుర్తుకోసం చివర చిన్న ముడి వేసిన ముక్క పద్నాలుగు నెలలకు మల్లాంలో ఒక పేరంటంలో తాంబూలంతో నా ఒళ్ళోకే వచ్చింది! అన్ని చేతులు మారినది కొత్తదట, ఒక్కావిడ మురిపెంగా కట్టుకున్నది పాతదట. ఈ తిరుగుడు భయంతోనే కాబోలు, పూర్వం మనవాళ్ళు గిన్నెలమీద పేర్లు కొట్టించేవాళ్ళు.

దీనికంటే పాతసామాన్ల కొట్లో ఓ మంచి ఇత్తడి చెంబో, కంచు గిన్నో తూకానికి కొని, చింతపండుతో తోమి ఇవ్వండి. వండుకునే ఇత్తడి గిన్నె అయితే కళాయి పోయించి మరీ ఇవ్వండి, లేకపోతే పులుసు చిలుమెక్కుతుంది. పిల్లలకు పాత చందమామలు బైండు చేసి ఇచ్చి చూడండి. మద్రాసులో 1900లో తెరిచిన మూర్ మార్కెట్టు 1985 మే నెలలో కాలిపోయేదాకా, పాత పుస్తకాలకీ పాత వస్తువులకీ ఎంత పెద్దవాళ్ళు వెళ్ళేవారో మా నాన్నగారు కథలుగా చెప్పేవారు. హైదరాబాదులో జుమ్మేరాత్ బజారు ఉంది. అమెరికాలో 1902లో ఎడ్గార్ హెల్మ్స్ అనే పాదిరి బోస్టన్‌లో మొదలుపెట్టిన గుడ్‌విల్ వాళ్ళ కొట్లకు మన తెలుగు పిల్లలు శనివారం కార్లేసుకుని వెళ్ళొస్తారట. అక్కడ కొన్న కోటు మనకు చూపించి మురిసేవాళ్ళు, ఇక్కడ పాతచీర అంటే ముక్కు మూసుకుంటారు.

సిగ్గుపడాల్సినచోటు వేరే ఉంది. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫాను మా ప్రాంతాన్ని ఊడ్చిపెట్టింది. అప్పటికి నేను కొత్తకోడల్ని. సముద్రం ఒడ్డు పాలెంలో పంచడానికి ఎక్కడినుంచో బట్టల మూటలొచ్చాయి. విప్పితే జిప్పుల్లేని ప్యాంట్లు, బొత్తాల్లేని చొక్కాలు, మధ్యకు చిరిగిన చీరలు. ఒకావిడ తన వంతుకు వచ్చినదాన్ని దులిపి చూసి, "ఇది మీరు కట్టుకుంటారా అమ్మా?" అని నన్నడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు. నాకు జవాబు రాలేదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత కూడా నాగపట్నం రోడ్ల పక్కన ఇలాంటి బట్టలే గుట్టలుగా పడున్నాయి, తీసుకునే దిక్కులేక. ఢిల్లీలో 1999లో అంశు గుప్తా మొదలుపెట్టిన గూంజ్ సంస్థవాళ్ళు వచ్చి, వాటిని ఏరి, పనికొచ్చేలా చేశారు. దానం అన్న పేరుతో చెత్త ఒదిలించుకునేవాళ్ళం, ఆ చేత్తోనే బంగారంలాంటి చీరను గంపకేసేవాళ్ళం, ఎవరో శుభ్రంగా దాచుకుని అమ్మినదాన్ని కొన్నావిడను వీధిలో నిలబెట్టి కడిగేస్తున్నాం. ఇదేం న్యాయమో మీరే చెప్పండి!

మావారు మాత్రం, "చీర ఖరీదు నీకు తెలుసు, చెప్పకుండా ఉండటం ఖరీదు తెలియలేదు" అన్నారు. ఏమాటకామాటే, ఆ పిల్లకు ముందే చెప్పి, నచ్చితేనే పుచ్చుకోమనాల్సింది. అక్కడ తప్పు నాదే.

చీర నా బీరువాలో ఉంది. నిన్న పిల్ల గూడూరునుంచి ఫోను చేసింది. స్కూలు కబుర్లూ, బస్సు ఆలస్యాలూ అన్నీ చెప్పింది. చీర మాట ఎత్తలేదు, వాళ్ళమ్మ పక్కనే ఉంది కాబోలు. పెట్టేసేముందు మాత్రం, "పెద్దమ్మా, ఫాల్ రంగు మార్పించావా?" అని అడిగింది.

పోయినవారమే మార్పించానన్నాను.