యంత్రము మనది, ఆజ్ఞ పరులది

పెండ్లి శుభలేఖలు, గృహప్రవేశపు పత్రికలు, కరపత్రములు, దస్తావేజుల నకళ్లు, విద్యార్థుల దరఖాస్తులు, ఇవి నంద్యాల పట్టణమున శ్రీనివాస సెంటరు మొదలుకొని సందుగొందులవరకు గల డి.టి.పి. దుకాణములలో నిత్యము జరుగు పనులు. ఆళ్లగడ్డలోను ఇదియే వరుస. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఎనిమిదేండ్లో పదియేండ్లో నిండిన కంప్యూటరొకటి, దాని ప్రక్కనొక ప్రింటరు: ఇంతమాత్రపు సామగ్రిపై ఒక కుటుంబము బ్రతుకుచున్నది. ఆ కంప్యూటరు చెడలేదు. మీటలు పలుకుచున్నవి, తెర వెలుగుచున్నది, కాగితముపై అక్షరములు చక్కగా పడుచున్నవి. అయినను 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీతో దానికి కాలము తీరినదని వేల మైళ్ల కావల నున్న యొక సంస్థ చాటింపు వేసినది. ఆనాడు చచ్చినదనిన యంత్రము మరునాడు ప్రొద్దున యథాప్రకారము లేచి పనిచేసినది!

ఈ వింత యెట్టిదో పఠనాలయమునకు వచ్చు పెద్దలకు కొంత వివరింపవలెను. ఆపరేటింగు సిస్టమనునది యంత్రమునకును మనకును నడుమ నిలుచు దుబాసివంటిది. మన మాట యంత్రమునకు, యంత్రము మాట మనకు చేర్చునది అదియే. మైక్రోసాఫ్టు సంస్థవారు 2015 జూలై 29న విడుదల చేసిన విండోసు 10 అను దుబాసి మన పట్టణములలో నూటికెన్నో యంత్రములను నడుపుచు వచ్చినది. ఆ యేడే మే నెలలో ఆ సంస్థ యుద్యోగి యొకరు సభాముఖమున ఇదియే కడపటి విండోసని పలికిరి. ఏడేండ్లైనను నిండకమున్నే, 2021 అక్టోబరు 5న, విండోసు 11 బయలువెడలెను. పాతదానికి పోషణ మాన్పు దినమును అంతకుమున్నే నిర్ణయించియుండిరి. పోషణ మాన్పుట యనగా ఇకమీద దానియందు బయటపడు లొసుగులకు మరమ్మతు పంపకుండుట. దొంగలు పడు త్రోవ తెలిసినను తలుపు వేయువాడుండడన్నమాట.

అట్లయిన క్రొత్తదానికి మారరాదా యని కొందరడుగుదురు. ఇక్కడనే యున్నది కిటుకు. విండోసు 11 ఎల్ల యంత్రములలో నిలువదు. టి.పి.ఎం. 2.0 అను భద్రతాసాధనము యంత్రమున నుండవలెను. ఇంటెల్ ప్రాసెసరైనచో ఎనిమిదవ తరమునకు చెందినదో అంతకు పిమ్మటిదో కావలెను. 2017లో వాయిదాలమీద కొనిన ఏడవ తరపు యంత్రమునకు, అది యెంత చుఱుకుగా నడచుచున్నను, ప్రవేశము లేదు. ఏడవ తరమువానిలో కొన్నింటిని మాత్రము పిమ్మట మన్నించిరి. ఆ మన్నన పొందినవానిలో మైక్రోసాఫ్టువారు తాము తయారుచేసి అమ్మిన సర్ఫేస్ స్టూడియో 2 యందలి ప్రాసెసరు కూడ నుండుట చూచి నవ్వవలయునో యేడ్వవలయునో తెలియకున్నది. దొరగారి గుఱ్ఱము వృద్ధాప్యమున కూడ సవారికి పనికివచ్చును. రైతు ఎద్దు మాత్రము కబేళాకు పోవలెను. కానలిస్ అను పరిశోధక సంస్థ 2023లో వేసిన అంచనాను బట్టి ఈ మార్పు మూలమున లోకమున సుమారు 24 కోట్ల కంప్యూటర్లు చెత్తపాలు కాగలవు.

ఆళ్లగడ్డ శిల్పుల పని యెఱుగనివారు మన సీమలో లేరు. అచ్చటి శిల్పి ఉలి మొండివోయినచో ఏమి చేయును? కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, పదునుపెట్టి మరల పనికి పూనుకొనును. ఉలి అరిగి అరిగి పిడికిటికి అందనంత పొట్టిదగువరకు దానిచేతనే చెక్కును. ఇనుమమ్మిన వర్తకుడు పదియేండ్ల పిమ్మట వచ్చి, “ఓయీ, నీ ఉలికి నేటితో నేను బాధ్యుడను గాను, ఎనిమిదవ తరపు చేయి గలవానికే క్రొత్త ఉలి యిత్తును” అనినచో ఆ శిల్పి వానికేమి సమాధానము చెప్పునో పాఠకులు ఊహింపగలరు. ఉలి శిల్పి సొత్తు. మనము రొక్కమిచ్చి కొనిన కంప్యూటరు యెవరి సొత్తు? పెట్టె మనది, కరెంటు బిల్లు మనది, దుమ్ము తుడుచు పనియు మనదే. అది యెన్నాళ్లు బ్రతుకవలెనను నిర్ణయము మాత్రము మనది కాదు. ఈ సంగతి కొనునాడు ఎవ్వరు మనకు చెప్పలేదు. చెప్పియుండినను, “నేను అంగీకరించుచున్నాను” అను మీట నొక్కుటకు తొందరపడు మనము చదివియుండము.

ఎదుటివారి వాదమును కూడ న్యాయముగా వినవలెను. కాలము మారినది, దొంగల నేర్పు పెరిగినది, పాత గోడలు చాలవని వారందురు. ఇందు సత్యము లేకపోలేదు. 2017 మే నెలలో వానాక్రై అను మాయదారి ప్రోగ్రాము లోకమంతట కంప్యూటర్లను తాళము వేసి సొమ్ము కోరినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడినవి. మరమ్మతు లేని యంత్రమును ఇంటర్నెట్టునకు తగిలించుట యెంత ప్రమాదమో అప్పుడు తెలిసినది. కాబట్టి “ఏమగును లెమ్ము” అని పాతదానినే నడుపుచు అందుపై బ్యాంకు లావాదేవీలు జరుపు దుకాణదారులకు మేము ప్రోత్సాహమీయము. కాని ఆ కథలోనే రెండవ భాగమొకటి కలదు. విండోసు ఎక్స్.పి.కి పోషణ 2014 ఏప్రిలు 8ననే మానినవారు, వానాక్రై విజృంభించిన వెంటనే దానికి కూడ మరమ్మతును ఉచితముగ విడుదల చేసిరి. మూడేండ్ల క్రిందట మూసిన వైద్యశాల ఒక్క రాత్రిలో తెఱచుకొన్నది. చేయ శక్తి లేక కాదు, చేయ మనసు లేకయే మానుచున్నారని దీనివలన తేలుచున్నది గదా!

ఇప్పుడును మరమ్మతులు తయారగుచునే యున్నవి. వానిని అమ్మకమునకు పెట్టిరి. గృహస్థుల యంత్రమునకు 2026 అక్టోబరు 13వ తేదీవరకు 30 డాలర్ల రుసుము, అనగా రెండువేల అయిదువందల రూపాయలకు పైమాట. అది యిష్టము లేనిచో మన యంత్రపు అమరికలను వారి ఖాతాలో దాచుటకు సమ్మతింపవలెను, లేక వారి బహుమాన పాయింట్లు 1000 సమర్పింపవలెను. వర్తక సంస్థల లెక్క వేఱు: యంత్రమొక్కటికి మొదటి యేట 61 డాలర్లు, ఏటేట రెట్టింపు, మూడేండ్లకు మించి లేదు. కూడినచో 427 డాలర్లు. ఆ సొమ్ముతో నంద్యాలలో వాడిన కంప్యూటరొకటి కొని, మిగిలినదానితో ఇంటిల్లిపాది అహోబిల యాత్ర చేసి రావచ్చును.

ఇక ఐరోపావారి సంగతి వినుడు. అచ్చటి వినియోగదారుల సంఘముల కూటమి యూరోకన్స్యూమర్సు అనునది ఈ నిబంధనలు తగవని పట్టుబట్టెను. 2025 సెప్టెంబరులో సంస్థవారు దిగివచ్చి, ఐరోపా ఆర్థిక మండలమునందలి గృహస్థులకు ఆ యేడాది మరమ్మతులను రుసుము లేక, అమరికలు దాచు షరతును లేక ఇచ్చుటకు ఒప్పుకొనిరి. ఖాతా తెఱచి అప్పుడప్పుడు కనబడిన చాలునట. ఒకే సంస్థ, ఒకే సరకు, ఒకే లొసుగు. పారిసులో ఒక న్యాయము, పాణ్యములో ఒక న్యాయము! వడ్డించువాడు మనవాడు కానప్పుడు ముందు పంక్తిని కూర్చుండినను విస్తరి ఖాళీయే. అయితే వారిని నిందించి యూరకుండుట తగదు. ఐరోపావారికి దక్కినది దయచేత దక్కలేదు, అడిగినందున దక్కినది. మన దేశమున వినియోగదారుల సంఘములకు కొదవ లేదు, పార్లమెంటు సభ్యులకు అంతకన్న కొదవ లేదు. అట్టి పట్టుదల మాత్రము మన చెవిని పడలేదు.

2023 ఏప్రిలు 1 నుండి అమలుననున్న ఎలక్ట్రానిక్ వ్యర్థముల నిబంధనలు సామగ్రి తయారుచేసినవారిపై దాని చెత్తను తగిన రీతిని తొలగింపజేయు భారమును మోపినవి. మంచిదే. కాని చక్కగా పనిచేయు పెట్టెను ఒక్క ఉత్తరువుతో చెత్తగా మార్చువాడు సాఫ్టువేరు యజమాని యైనచో వానిపై ఏ భారమును లేదు. ఈ లోపమును సరిదిద్దవలెనని మన ప్రతినిధు లడుగవలెను.

మారినవారైన సుఖముగ నున్నారా? మాకు తెలిసిన యొక డి.టి.పి. దుకాణదారు ఊరనే యున్న యొక మరమ్మతు అంగడికి యంత్రము నిచ్చెను. వారు నిబంధనలను అడ్డదారిని దాటించి విండోసు 11 ఎక్కించి, ముందుగా దేనికిని నకలు తీయక, డిస్కును తుడిచివేసిరి. ఆయన పదునాలుగేండ్లుగా కూర్చిన శుభలేఖల నమూనాలు మాయమైనవి. పాత స్కానరుకు 32 బిట్ల డ్రైవరే కలదు. క్రొత్త విండోసు 64 బిట్లది మాత్రమే గనుక అది దానిని గుర్తింపదు. మాఘమాసపు ముహూర్తములు తలమీదికి వచ్చినవి. కొండ నాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినదని ఆయన తలపట్టుకొని కూర్చుండెను. “పోనీ, పాతది అమ్మి క్రొత్తది కొనుడు” అని యదే అంగడివారి యుచిత సలహా. అమ్మబోయిన అడవి, కొనబోయిన కొరివి!

ఇంతవరకు పరుల తప్పు లెంచితిమి. మన తప్పొకటి కలదు, దానిని దాచి ప్రయోజనము లేదు. మన దుకాణములలో నేటికిని రాజ్యమేలుచున్నది పేజ్‌మేకరు. దాని కడపటి కూర్పు 7.0, వెలువడినది 2001లో. తెలుగునకు అను ఫాంట్లు. ఆ రీతిని కొట్టిన తెలుగు కంటికి తెలుగే గాని యంత్రమునకు తెలుగు కాదు. రోమను లిపి సంకేతములకు తెలుగు వేషము కట్టినది. ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో పిచ్చి గీతలు కనబడును, వెదకినచో మాట దొరకదు. మన భాషకు యూనికోడునందు స్థానము 1991లో దాని మొదటి కూర్పుననే లభించినది. 2001లో వచ్చిన విండోసు ఎక్స్.పి.తో గౌతమి ఫాంటు వచ్చినది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన ఫాంటును రూపొందించి యిచ్చిరి. సిలికానాంధ్రవారు రాష్ట్ర ప్రభుత్వముతో కూడి సురవరము, గిడుగు, గురజాడ మొదలగు పేళ్లతో ఫాంట్లను ఎల్లరకు ఉచితముగ విడిచిరి. ఇన్ని యుండగా మనము పాత చెఱసాలనే యిల్లనుకొంటిమి. తాళపుచెవి పరులయొద్ద నున్నదని యిప్పుడు మొఱపెట్టుచున్నాము. యూనికోడున దాచిన తెలుగు ఏ యంత్రమున నైనను, ఏ దుబాసి చేతనైనను తెలుగుగనే పలుకును. కాబట్టి ఆపరేటింగు సిస్టము మాట యెట్లున్నను, దుకాణదారులు తమ పాత కూర్పులను నేటినుండియే యూనికోడునకు మార్చుకొనుట మొదటి పని.

రెండవది లినక్సు. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్సు ఆరంభించిన యీ వ్యవస్థకు యజమాని యొక్కడు కాడు. దాని మూలము నెవ్వరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. ఏడవ తరపు ప్రాసెసరును అది వెలివేయదు. మన దేశపు సి-డాక్ సంస్థ 2007లోనే బాస్ అను పేర నొక కూర్పును వెలువరించినది. తెలుగున స్వేచ్ఛ అను సంస్థ యీ త్రోవనే కృషి చేయుచు వచ్చినది. కేరళ రాష్ట్రమున 2001లో ఐ.టి. ఎట్ స్కూలు అను పేర మొదలైన ప్రయత్నము క్రమముగ లినక్సునకు మరలి, నేడు కైట్ అను ప్రభుత్వసంస్థ ఆధ్వర్యమున అచ్చటి బడిపిల్లలు దానియందే చదువుకొనుచున్నారు. కేరళ పిల్లలకు చేతనైనది నంద్యాల పిల్లలకు చేతకాదా?

చిక్కులు లేవని మేమనము. పేజ్‌మేకరు దానియందు సరిగ నడువదు. స్క్రైబసు నేర్చుకొనవలెను, చేతి యలవాటు మార్చుకొనవలెను, మొదటి మాసము విసుగు తప్పదు. విండోసు 11లో కూడ చేతి యలవాటు మారక తప్పదు గనుక ఆ విసుగేదో మన యిష్టముతో పడుట మేలు. ఈ వయసున క్రొత్తవిద్య యేల యనువారికొక్క మాట. 1991 నవంబరులో నంద్యాల ఓటర్లు లోకసభకు పంపిన పి.వి. నరసింహారావుగారు అరువదేండ్లు దాటిన పిమ్మట కంప్యూటరు విద్యను నేర్చినవారు. (తెలుగునకు యూనికోడు, లోకమునకు లినక్సు, నంద్యాలకు ప్రధానమంత్రి, మూడును ఒక్క యేటనే వచ్చుట కాకతాళీయమే; మొదటి రెంటిని మనము మఱచితిమి.)

నంద్యాల జిల్లా 2022 ఏప్రిలు 4న ఏర్పడినది. క్రొత్త జిల్లా కార్యాలయములలో యంత్రములు మార్చినప్పుడెల్ల పాతవి మూలపడును, పిమ్మట తుక్కు వేలమునకు పోవును. జిల్లా యధికారులను మేము కోరునది యిది. మైక్రోసాఫ్టు కాదనినంత మాత్రమున ఏ యంత్రమును వేలమునకు పెట్టకుడు. డిస్కులోని ప్రభుత్వ సమాచారమును తుడిచి, లినక్సు నెక్కించి, ఆళ్లగడ్డ మొదలగు మండలములలోని యున్నత పాఠశాలలకును గ్రంథాలయములకును పంపుడు. ప్రభుత్వ సేవలకై కొను వ్రేలిముద్రల యంత్రములు, సంతకపు టోకెనులు విండోసునందేగాక లినక్సునందును పనిచేయవలెనని టెండరు పత్రమున ఒక వాక్యము చేర్చుడు. పట్టణపు పఠనాలయముల నిర్వాహకులు తమ మూలనున్న పాత పెట్టెను దించి దుమ్ము దులిపి, ఆదివారము సాయంకాలము లినక్సు తెలిసిన యే కళాశాల విద్యార్థినైనను పిలిచి, నలుగురి యెదుట దానిని బ్రతికించి చూపింతురుగాక. ఆ సభకు డి.టి.పి. దుకాణదారులు తమ శుభలేఖల నమూనాలను పెన్‌డ్రైవులో వెంట తెచ్చుకొనుట మఱవరాదు.