పూవులు రాలిన పిమ్మట

రెండేండ్ల క్రిందట క్రిస్మసు పండుగకు, నేనెరిగిన యొక కుటుంబమునకు ఆర్కిడ్ మొక్క కుండీతో సహా కానుకగా వచ్చెను. రెండు నెలలపాటు ఆ యింటికి వచ్చిన ప్రతివారును దానిని మెచ్చుకొనిరి. ఫిబ్రవరి చివర పూవులు రాలెను. మరుసటి వారము ఆ కుండీ చెత్తకుప్పమీద కనబడెను. ఆకులింకను పచ్చగనే యున్నవి. వారి యనుమతితో దానిని తెచ్చి, అబిడ్స్‌లోని మా యింటి కిటికీలో నుంచితిని. ఆ మొక్క నాకు నేర్పిన దానిని విద్యార్థులకును, వారి తలిదండ్రులకును మనవి చేయుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

ఆర్కిడ్ చలిదేశపు మొక్కయనియు, ధనవంతుల వేడుకయనియు చెప్పువారు కలరు. ఇది సరికాదు. 1781 మొదలు కొన్ని సంవత్సరములు సామర్లకోటలో నుండిన విలియం రాక్స్‌బర్గు అను వైద్యుడు, కోరమాండల్ తీరపు మొక్కలను గూర్చిన తన గ్రంథమును 1795లో ప్రకటింప నారంభించెను. మన ప్రాంతపు చెట్లపై పెరుగు నొక ఆర్కిడ్ దానియందు చిత్రముతోగూడ వర్ణింపబడినది. నేడు దానిని వాండా టెస్సెలేటా యందురు. చెట్టుకొమ్మపై నుండుటచేత ఇట్టి మొక్కలను బదనికలని తలచుట కలదు. బదనిక చెట్టు రసమును పీల్చును. వాండా అట్లు చేయదు; చెట్టును ఆసరాగా మాత్రమే గైకొని, వాననీటిని, గాలిలోని తేమను తన వేళ్లతో గ్రహించును.

నేను తెచ్చినది ఫలెనాప్సిస్ అను జాతి. చిమ్మటను బోలినదని ఆ గ్రీకు పేరునకు అర్థము. ఇదియు చెట్లపై బ్రతుకు మొక్కయే. ఈ సంగతి తెలిసియు నేను మొదట తప్పు చేసితిని. త్వరగా పూయవలెనను నాశతో ప్రతిదినమును నీరు పోసితిని. ఇరువది దినములలో సగము వేళ్లు కుళ్లినవి. అప్పుడు వానిని కోసివేసి, అడుగున రంధ్రములుగల కుండలో బొగ్గుముక్కలను, కొబ్బరిడిప్పల పీచును వేసి నాటితిని. దీని వేళ్లపై స్పంజివంటి పొర యొకటి కలదు. అది ఎండినప్పుడు వెండివలె తెల్లనగును, తడిసినప్పుడు పచ్చనగును. తెల్లబడినప్పుడే నీరు పోయవలెను. ఆకుల నడుమ నీరు నిలువరాదు.

మన నగరమున ఏప్రిలు, మే నెలల యెండ నలువది డిగ్రీలు దాటుట కలదు. పడమటి కిటికీ దీనికి మృత్యువే. తూర్పు కిటికీలోని ఉదయపు వెలుతురు చాలును. పళ్లెములో గులకరాళ్లు పరచి నీరు పోసి, కుండ అడుగు నీటికి తగులకుండ పైన నిలిపినచో, చుట్టును కొంత తేమ యుండును. వీధిదుమ్మును తడిగుడ్డతో తుడువవలెను. ఇంతకంటె పని లేదు. వేసవియు, వర్షకాలమును గడచెను. ఒక క్రొత్త యాకు తప్ప మరేమియు రాలేదు. డిసెంబరు రాత్రులు పదునైదు డిగ్రీలకు చల్లబడెను. కొన్ని వారములు చల్లదనము తగిలిన పిమ్మటనే ఈ జాతి సాధారణముగా పూగొమ్మ వేయును. జనవరిలో ఆకు మొదట చిన్న మొగము చూపినది. మార్చిలో ఏడు పూవులు పూచినవి.

తలిదండ్రులారా, పరీక్షలో తప్పిన బాలుని మనము నోటితో గాకున్నను మనస్సుతో నొకమూలకు నెట్టుచున్నాము. మరికొందరు తెల్లవారినది మొదలు రాత్రివరకు ట్యూషనుమీద ట్యూషను పోయుచున్నారు. పారవేసినవారి తప్పును, ప్రతిదినము నీరు పోసిన నా తప్పును వేరువేరుగా తోచును గాని, నిజమున కొక్కటియే: మేము పూవును చూచితిమి, మొక్కను చూడలేదు. ఇరువది సంవత్సరములకు మించి బోధించిన నేనును తరగతిలో నీ తప్పు చేసియున్నాను. ఫలింపని అంజూరపు చెట్టునకు ఇంకొక యేడు గడువు వేడిన తోటమాలి కథను లూకా సువార్తలో అనేక పర్యాయములు చదివితిని. ఆ తోటమాలి ఊరకుండెదనని చెప్పలేదు. త్రవ్వి, ఎరువు వేసెదననెను. గడువును, తగిన పనియును రెండును కావలెను.

కావున నా సూచన యిది. తూర్పు కిటికీగల ప్రతి తరగతియందును ఒక ఆర్కిడ్‌ను పెంచవలెను. దానికై అడవిచెట్టుమీది మొక్కను పెరికి తేరాదు. తోటలలో పెంచినవే కొనవలెను. ఇండ్లలో పూవులు రాలినవి యున్నచో తెచ్చియిచ్చినను చాలును. నీరు పోసిన దినమును బాలురే పుస్తకమున వ్రాయవలెను. సంవత్సరాంతమున బహుమాన మియ్యదలచినచో, ఎక్కువ పూవులు పూయించిన తరగతికి గాక, పూవులేని నెలలందు మొక్కను బ్రతికించిన తరగతికి ఇయ్యవలెను.