పాత చర్చికి గానుగ సున్నమే సరైన మందు
సికింద్రాబాద్ సెయింట్ జాన్స్ చర్చి 1813లో, బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847లో వెలిశాయి. రెండింటిలోనూ ఈనాటికీ ఆరాధన జరుగుతోంది. ఆ కాలపు కట్టడాల గోడలు సున్నంతో కట్టినవి. వాన తడి వాటిలోకి ఇంకి, ఎండకు మళ్లీ ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తడికి దారి మూసుకుపోతుంది. లోపలి లవణాలు పైకి తేలి, పూత పెచ్చులుగా ఊడుతుంది. అందుకే మరమ్మతుకు ఇసుక కలిపి ఆడించిన గానుగ సున్నమే వాడాలి. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపే పాత పద్ధతి తెలిసిన మేస్త్రీలకే ఆ పని అప్పగించాలి. ముందు పైకప్పు, వాన నీళ్లు పోయే గొట్టాలు బాగుచేయాలి. రంగులు ఆఖరున వేయాలి. బాగుపడిన భవనం ఆదివారానికే పరిమితం కాకూడదు. కరువు బాధితులకు పని, తిండి చూపుతూ రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. దాని పుట్టుకే జనం అవసరంతో ముడిపడి ఉంది. వారం మధ్యలో పిల్లల చదువు, వైద్య శిబిరం, సంగీత సాధన జరిగే చోట చిన్న పగులైనా వెంటనే కంటపడుతుంది. శంషాబాద్ పక్కన అమ్మపల్లి రామాలయానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది: నిత్యం మనుషులు మసలే కట్టడమే నిలుస్తుంది. కంటపడిన పగులును వెంటనే పూడ్చాలంటే డబ్బు సిద్ధంగా ఉండాలి. కాబట్టి ఏటేటా అయ్యే నిర్వహణ ఖర్చును మరమ్మతు అంచనాలోనే చేర్చడం తప్పనిసరి.