విషం విరిగినా వీడని ముప్పు: పురుగుమందు బాధితులకు నాలుగు రోజుల గండం

పురుగుమందు విషప్రభావానికి గురైన వ్యక్తి కళ్లు తెరిచి మాట్లాడితే చాలు, ప్రాణాపాయం తప్పిందని కుటుంబసభ్యులు భావిస్తారు. ఆర్గానోఫాస్ఫేట్ తరగతి మందుల విషయంలో ఆ ఊరట తొందరపాటే. కండరాలను, నరాలను దెబ్బతీసే రెండు సమస్యలు ఆ తర్వాత తలెత్తే అవకాశం ఉంది.

మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ వంటి మందులు నరాల సంకేతాలను నియంత్రించే ఎంజైమును పనిచేయనీయవు. దాంతో తొలి గంటల్లో వాంతులు, విపరీతమైన చెమట, నోట చొంగ, ఆయాసం కనిపిస్తాయి. వీటిని అట్రోపిన్ చాలావరకు అదుపు చేస్తుంది. అసలు పరీక్ష ఆపై మొదలవుతుంది. 24 నుంచి 96 గంటల మధ్య కొందరిలో మెడ, భుజాలు, తుంటి కండరాలతో పాటు శ్వాస కండరాలూ బలహీనపడతాయి. దిండు మీది నుంచి తల ఎత్తలేకపోవడం దీనికి తొలి హెచ్చరిక. శ్రీలంక వైద్యులు 1987లో 'ఇంటర్మీడియట్ సిండ్రోమ్' పేరుతో దీనిని వివరించారు. ఈ స్థితిలో అట్రోపిన్ పనిచేయదు. కండరాలు కోలుకునే వరకు వెంటిలేటరే ఆధారం. సకాలంలో అది అందితే చాలామంది బతుకుతారు.

రెండో సమస్య ఒకటి నుంచి మూడు వారాల తర్వాత బయటపడుతుంది. పిక్కల నొప్పులు, అరికాళ్ల తిమ్మిరితో మొదలై పాదం పైకి లేవని స్థితికి దారితీస్తుంది. ఈ తరగతి మందులన్నీ దీనికి కారణం కావు. అయితే ఒకసారి వస్తే విరుగుడు లేదు. ఫిజియోథెరపీతో నెలల తరబడి శ్రమించాల్సిందే. మొరాకోలో 1959లో ఇదే కుటుంబానికి చెందిన రసాయనం కలిసిన వంటనూనె వాడి సుమారు 10,000 మంది పక్షవాతం బారిన పడ్డారు.

శ్రీలంక 1995లోనే మోనోక్రోటోఫాస్‌ను నిషేధించింది. భారత్‌లో కూరగాయలపై దాని వాడకాన్ని 2005లో నిలిపివేశారు. బిహార్‌లోని సారణ్ జిల్లాలో 2013లో ఆ మందు కలిసిన మధ్యాహ్న భోజనం 23 మంది చిన్నారులను బలిగొంది. 36 శాతం ద్రావణాన్ని నిషేధిస్తూ కేంద్రం ఉత్తర్వులిచ్చింది మాత్రం 2023లోనే. క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటివి పొలాల్లో వినియోగంలోనే ఉన్నాయి.

నిషేధాలు ఎంత అవసరమో, ఆసుపత్రుల్లో అప్రమత్తతా అంతే అవసరం. బాధితుడిని కనీసం నాలుగు రోజులు పరిశీలనలో ఉంచడం, రోజూ మెడ బలాన్ని పరీక్షించడం ఖరీదైన వైద్యం కాదు. వెంటిలేటర్ లేని చోట ఆ సంకేతం కనిపించగానే రోగిని పెద్దాసుపత్రికి తరలించాలి. ఇంటికి పంపేటప్పుడు మూడు వారాల్లోపు మళ్లీ చూపించుకోవాలని రోగి భాషలోనే రాసివ్వాలి. ఆ ఒక్క కాగితం లేకపోతే, కాళ్లు పట్టుతప్పిన రైతు కూలీ ఆ బలహీనతకు పాత విషమే కారణమని ఎప్పటికీ గుర్తించలేకపోవచ్చు.